మహేంద్రగిరి ఎక్కితే హిమాలయానికి సరిపోతుందా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. వయసు 37. బట్టల కొట్టు నడుపుకుంటున్నాను. రెండేళ్ళ కిందట డిసెంబరులో నలుగురు స్నేహితులం ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్ళాం. రెండు రాత్రులు రైల్లో, ఒక పగలంతా జీపులో కుదుపులు తిని సాంక్రీ చేరి, మర్నాడే నడక మొదలెట్టేశాం. కొత్త బూట్లు, జీన్సు ప్యాంటు. రెండో రోజు సాయంత్రం నుంచి తల పగిలిపోతోంది, తిండి సయించలేదు. ఎవరికీ చెప్పలేదు. నిద్ర పట్టట్లేదని చెప్పి ఒక స్నేహితుడి దగ్గర నిద్రమాత్ర తీసుకున్నాను. తెల్లవారుజామున శిఖరానికి బయల్దేరి, సగం దారిలో వాంతులు చేసుకుని కూలబడ్డాను. గైడూ ఇంకొకాయనా చెరో రెక్కా పట్టుకుని దింపారు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనబడితే 'ఏం కేదార్‌కంఠం గారూ' అంటారు. ఆ మచ్చ చెరుపుకోవాలని వచ్చే జూన్‌లో హంప్టా పాస్‌కి వెళ్దామనుకుంటున్నాను. రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడుతున్నాను. ఆదివారాలు మహేంద్రగిరి ఎక్కితే సరిపోతుందా? నా భార్య మాత్రం అసలు వద్దంటోంది.

జవాబు: మాస్టారూ అని పిలిచావు, వయసులోనూ చాలా చిన్నవాడివి. 'నువ్వు' అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

సరిపోదు. మహేంద్రగిరి ఎక్కడం మానకు. అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలుసుకుని ఎక్కు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పులన్నీ ఒకే వరసలో పేర్చావు: కొత్త బూట్లు, జీన్సు, రైలు అలసట, నిద్రమాత్ర. వాటి మధ్యలో 'ఎవరికీ చెప్పలేదు' అని రెండే మాటలు రాసి దాటిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. కొత్త బూట్లు మహా అయితే బొబ్బలెక్కిస్తాయి. తడిసిన జీన్సు వణికిస్తుంది. అంత ఎత్తులో తలనొప్పిని దాచుకుని, దానిమీద నిద్రమాత్ర మింగి, ఇంకా పైకి నడవడం ఆ కోవలోది కాదు. ఆ గైడు కళ్ళు తెరుచుకుని ఉన్నాడు కాబట్టి నాకు ఈ ఉత్తరం వచ్చింది.

నీ కాళ్ళలో ఏ లోపమూ లేదు. సగం దారి దాకా తీసుకెళ్ళినవి అవే. నీకు తక్కువైనవి రోజులు. పర్లాకిమిడి నుంచి బయల్దేరినవాడివి, సముద్రానికి ఇంచుమించు పక్కనే ఉన్నట్టు. సాంక్రీ దాదాపు 1,950 మీటర్లు. మర్నాటి రాత్రి పడక జూడా కా తాలాబ్ దగ్గర, ఇంచుమించు 2,800. ఆ మర్నాడు బేస్ క్యాంపు, 3,400 పైమాట. అక్కణ్ణుంచి తెల్లారకుండానే 3,810 మీటర్ల శిఖరానికి. చాలామంది ఇదే లెక్కన వెళ్ళి నవ్వుతూ దిగివస్తారు, నిజమే. నీ ఒంటికి ఆ లెక్క చాలలేదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు కానీ, గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఉంది. ఒకసారి ఈ ఎత్తు జబ్బు చేసినవాడికి, అదే వేగంతో అంతే ఎత్తుకి వెళ్తే, మళ్ళీ చేసే అవకాశం ఎక్కువ. మనిషిని చూసి ఎవరికొస్తుందో చెప్పడం కష్టం. పాత అనుభవమే ఉన్నవాటిలో మంచి గుర్తు.

గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే. పైకి వెళ్ళేకొద్దీ గాలే పలచబడుతుంది. 3,500 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందేది ఇక్కడ అందేదానిలో మూడింట రెండు వంతులు, 5,500 దగ్గర సగం. ఒళ్ళు దీనికి సర్దుకుంటుంది. ఊపిరి వేగం పెంచుతుంది, మూత్రపిండాలు రక్తంలో లవణాల లెక్క మార్చుకుంటాయి. ఆ పనికి రోజులు పడతాయి. నువ్వు పరిగెత్తే ఐదు కిలోమీటర్లు ఆ గడువుని ఒక్క గంట కూడా తగ్గించవు. అసలు బాగా పరిగెత్తేవాడే ఎక్కువ ఇరుక్కుంటాడని నా అనుమానం. దమ్ముంది కదా అని ముందు పోతాడు, ఒళ్ళు వెనక పడిపోతుంది.

ఈ బాధలు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి 1,672. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరం మీద నిలబడినా ఆ గీతకి చాలా కిందే ఉంటాం. మహేంద్రగిరి మీద కుంతి గుడి దగ్గర కూర్చుని ఎంత ఊపిరి పీల్చినా హిమాలయపు గాలి అలవాటు కాదు.

మాలావత్ పూర్ణ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె మొదలెట్టింది భువనగిరి గుట్ట మీద. అయితే గుట్ట నుంచి నేరుగా ఎవరెస్టుకి పోలేదు. మధ్యలో డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ, లద్దాఖ్ చలి, నెలల తరబడి కసరత్తు. గుట్ట రాయిని పట్టుకోవడం నేర్పింది. ఎత్తు సంగతి ఎత్తులోనే నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇక హంప్టా. హిమాచల్‌లోని ఆ కనుమ ఎత్తు 4,270 మీటర్లు, నీ కేదార్‌కంఠ కంటే నాలుగు వందల అరవై ఎక్కువ. ఎత్తు ఒక్కటే అయితే రోజులు పెంచుకో అనేవాణ్ణి. అది కులు వైపు ఎక్కి లాహుల్ వైపు దిగే దారి. దాటాక ఒంట్లో బాగోలేకపోతే వచ్చిన దారిన పోదామంటే మళ్ళీ ఆ కనుమే ఎక్కాలి. ముందుకి పోదామంటే ఇంకో రాత్రి ఎత్తులోనే పడుకుని, ఆ తరవాతే ఛత్రు దగ్గర రోడ్డు. ఒకసారి కూలబడినవాడికి రెండోసారికి ఇలాంటి దారి నేను చెప్పను. దానికి తోడు నువ్వు మచ్చ చెరుపుకోవడానికి వెళ్తున్నావు. అలా వెళ్ళినవాడు తలనొప్పి రాగానే ఏం చేస్తాడు? మళ్ళీ దాస్తాడు. పెళ్ళిలో పేరు పెట్టినవాళ్ళు రేపు హంప్టా ఎక్కొచ్చినా ఇంకో పేరు పెడతారు. వాళ్ళ కోసం కొండెక్కకు.

నన్నడిగితే సందక్‌ఫు వెళ్ళు. పశ్చిమ బెంగాల్లో అన్నిటికంటే ఎత్తయిన చోటు, 3,636 మీటర్లు. పలాసలో రైలెక్కితే హౌరా, అక్కణ్ణుంచి న్యూ జల్పాయిగురి. మనవైపు వాళ్ళకి డెహ్రాడూన్ కంటే దగ్గర. నడక మానేభంజన్‌లో మొదలవుతుంది. తుమ్‌లింగ్, గైరీబాస్, కాలీపొఖ్రి మీదుగా మెల్లగా ఎక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పక్కనే జీపు దారి ఉంటుంది. నీకు బాగోలేకపోతే గంటల్లో కిందికి దించొచ్చు. ట్రెక్ చేసే కుర్రాళ్ళు కొందరు ఆ రోడ్డుని చూసి పెదవి విరుస్తారు. విరవనీ. అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు దాకా ఆకాశం తేటగా ఉండి కాంచన్‌జంగ ఎదురుగా పరుచుకుని కనిపిస్తుంది, ఎవరెస్టు దూరంగా. ఆ దారి ఉన్న సింగలీలా పార్కుని వానల్లో మూసేస్తారు కాబట్టి జూన్ మాట మర్చిపో. దారి నేపాల్ సరిహద్దు వెంబడే పోతుంది, గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

3,000 మీటర్లు దాటాక ఏ రాత్రీ పడక ముందు రాత్రి కంటే 500 మీటర్లకి మించి పైకి జరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఉండాలి అని పర్వత వైద్యులు చెప్పే లెక్క. పగలు ఎంత ఎక్కావన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నావన్నదే చూస్తారు. డార్జిలింగ్‌లోనో మానేభంజన్‌లోనో రెండు రాత్రులు, తుమ్‌లింగ్‌లో రెండు, కాలీపొఖ్రిలో ఒకటి, ఆ తరవాత సందక్‌ఫు. ఇవి కాక ఒక రోజు చేతిలో ఖాళీగా ఉంచుకో. దసరా దీపావళి బేరాలు అయ్యాక కొట్టు ఇంకెవరికైనా అప్పగించు. డార్జిలింగ్‌లో ఖాళీగా ఉన్న పూట ఆ పర్వతారోహణ సంస్థ మ్యూజియం చూడు. టెన్సింగ్ నార్గే అక్కడ పనిచేశాడు.

నేను సందక్‌ఫు పేరు చెప్పడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ పరువు పోగొట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అప్పుడు నేను బడిలో డ్రిల్లు మాస్టర్ని. పన్నెండుమంది పిల్లల్ని తీసుకెళ్ళాను. సెలవులు తక్కువున్నాయని నడక మానేసి పొద్దున్న మానేభంజన్‌లో జీపులెక్కించి సాయంత్రానికల్లా పైన దింపేశాను. ఆ రాత్రి తల దిమ్ముగా ఉంది. పిల్లల ముందు మాస్టారు తలనొప్పి అంటాడా? తెల్లారుజామున కాంచన్‌జంగ మీద ఎండ పడ్డం చూపించాలని బయటికొచ్చాను. బూటు లేసు ముడి పడటం లేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయనుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో ఒక పక్కకి ఒరిగిపోతున్నాను. ఒక పిల్లాడు నవ్వాడు. జీపు డ్రైవరు మాత్రం నవ్వలేదు. కర్రతో నేలమీద గీత గీసి, మడమ ముందు ఇంకో మడమ పెట్టి దానిమీద నడవమన్నాడు. ఇరవై ఏళ్ళు పిల్లల్ని సున్నం గీత మీద నడిపించినవాణ్ణి, మూడో అడుగు గీత మీద పడలేదు. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా జీపు స్టార్టు చేశాడు. మానేభంజన్ చేరేసరికి తల తేలికపడింది. నడక సరిగ్గా రావడానికి సాయంత్రమైంది. డార్జిలింగ్‌లో డాక్టరు చూసి, మెదడు వాపు మొదలైందని, ఇంకో రాత్రి పైన ఉంటే ఏమయ్యేదో తను చెప్పలేనన్నాడు.

కాబట్టి ఈ నాలుగు మాటలూ నువ్వూ నీతో వచ్చేవాళ్ళూ నోటికి నేర్చుకోండి. తలనొప్పి, దానితో పాటు వికారమో, ఆకలి లేకపోవడమో, కళ్ళు తిరగడమో, మరీ నీరసమో ఉంటే అది ఎత్తు జబ్బే అనుకుని అక్కడే ఆగాలి. తగ్గేదాకా ఒక్క అడుగు పైకి వద్దు. ముదిరితే కిందికి. అడుగు తడబడుతున్నా, మాట పొంతన లేకపోయినా మెదడుకి నీరు చేరినట్టు. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగ పడుతోందంటే ఊపిరితిత్తులకి చేరినట్టు. ఈ రెంటికీ అర్ధరాత్రయినా సరే దించేయడమే వైద్యం. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. 'నిద్రపోతే తగ్గుతుందిలే' అని గుడారంలో పడుకోబెట్టకూడదు.

మనవాళ్ళు చెప్పకపోవడానికి పరువుతో పాటు ఇంకో కారణం ఉంది, భాష. మనకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. హిందీ దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. అన్నట్టు ఒడియాలో తలని 'ముండొ' అంటారు. 'ముండొ బింధుచి' అని పక్కింటావిడ తన తలనొప్పి చెప్పుకుంటుంటే, శ్రీకాకుళం నుంచి కొత్తగా కాపరానికొచ్చిన కోడలు తనని తిడుతోందేమోనని బిక్కచచ్చిపోయిన సంగతి మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 'సిర్ దర్ద్, ఉల్టీ, చక్కర్' (తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం) — ఈ మూడు మాటలు చాలు. గైడు మిగతాది తనే అడుగుతాడు.

ఇక డాక్టరు దగ్గరికి వెళ్ళు. బీపీ, షుగరు, ఈసీజీ అందరూ చెప్పేవే. నేను ప్రత్యేకంగా చెప్పేది సికిల్ సెల్ పరీక్ష. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో ఈ రక్తదోషం ఎక్కువ. గజపతి, రాయగడ, కోరాపుట్ మనుషులకి ఈ పేరు కొత్తేమీ కాదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే వచ్చినవాళ్ళకి జన్మలో ఏ బాధా లేకపోవచ్చు, ఉందనే తెలియకపోవచ్చు. ఎత్తుకి వెళ్ళినప్పుడు ప్లీహం దెబ్బతిని ఎడమ డొక్కలో భరించలేని నొప్పి రావడం అలాంటివాళ్ళలో కొందరికి జరిగింది. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మన వైపు సర్కారు ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. చిన్న రక్తపరీక్షే. వచ్చే నెలలో చేయించుకో, ట్రెక్ వారం ముందు కాదు.

డయామాక్స్ అనే మాత్ర గురించి కూడా అడుగు. ఒళ్ళు త్వరగా సర్దుకోవడానికి సాయం చేస్తుంది. ఒకసారి జబ్బు చేసిన నీలాంటివాళ్ళకి డాక్టర్లు రాయడం మామూలే. సాధారణంగా 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం మాటిమాటికీ వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడే రెండు రోజులు వేసుకుని చూడటం మేలు, ఇది కూడా డాక్టర్ని అడిగే. నిద్రమాత్ర, మందు చుక్క మాత్రం పైన ముట్టుకోకు. నిద్రలో ఊపిరి మందగిస్తుంది. అక్కడ నిన్ను కాపాడేదే ఆ ఊపిరి.

మందుల విషయంలో పర్లాకిమిడివాడికి నేను గుర్తుచేయాలా? మీ ఊళ్ళో బడి చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం ఆ కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు పోగొట్టుకున్నారు. ఆయన కాలంలో వేరే దారి లేదు. స్నేహితుడి డబ్బాలోంచి పేరు కూడా చూడకుండా మాత్ర తీసుకున్నావే, నీకు ఆ అవసరం ఏమొచ్చింది?

ఇప్పుడు మహేంద్రగిరి. పైకి బండి దారి ఉంది కానీ శివరాత్రికి నడిచెక్కే జనంలాగ నడువు. మూడు నెలలపాటు వారం విడిచి వారం చాలు. మిగతా ఆదివారాలు మహేంద్రతనయ ఏటి గట్టున రెండు మూడు గంటల నడక. మొదట ఐదు కేజీల బియ్యం సంచి బ్యాగులో పెట్టుకో, నెల తిరిగాక ఎనిమిది చెయ్యి. పక్కవాడితో మాట్లాడగలిగే వేగం దాటకు. మాట తెగుతోందంటే ఎక్కువ పోతున్నట్టే. అందరూ ఎక్కడమే అభ్యాసం చేస్తారు, మోకాళ్ళు విరిగేది దిగేటప్పుడు. సందక్‌ఫు నుంచి గుర్దుమ్, శ్రీఖోలా వైపు దిగే దారి నిటారు. అందుకని మహేంద్రగిరి దిగేటప్పుడు బండెక్కొద్దు. చీకట్లో ఒంటరిగా వెళ్ళకు, ఎలుగులున్నాయి. ట్రెక్‌కి వేసుకెళ్ళే బూట్లే ఈ మూడు నెలలూ వేసుకో. కాలిగోళ్ళు కత్తిరించుకో, లేకపోతే దిగుడులో బొటనవేళ్ళు నల్లబడతాయి.

బట్టల కొట్టువాడివి, బట్టల సంగతి నీకు నేను చెప్పడమేంటి! అయినా జీన్సు వేసుకెళ్ళావు. నూలు చెమట పీల్చి ఆరదు, ఆరకపోతే చలి ఎముకల్లోకి పోతుంది. ఒంటికి పాలియెస్టర్ బనీను, మీద ఉన్నిదో ఫ్లీసో, అన్నిటికీ పైన గాలి వాన ఆపే జాకెట్. నడిచేటప్పుడు ఒకటి విప్పాలి, ఆగగానే వేసుకోవాలి. వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని లెక్కేసుకో. ఇవన్నీ కొని బీరువాలో దాచకు. చలికాలంలో ఒక రాత్రి దేవమాలి వైపు, పొట్టంగి దగ్గర గడిపి చూడు. కోరాపుట్ చలి తక్కువదేం కాదు. ఏది చాలదో అక్కడ తెలిస్తే మర్నాడు ఇంటికొచ్చి మార్చుకోవచ్చు.

తిండికి పలాస జీడిపప్పు, ఖర్జూరం, బెల్లం, అటుకులు తీసుకెళ్ళు. ఆకలి లేకపోయినా కొంచెం కొంచెం నోట్లో వేసుకుంటూ ఉండు. నీళ్ళు రోజుకి మూడు లీటర్ల దాకా. ఎత్తు జబ్బు రాకుండా ఆపుతాయని కొందరు కడవలు తాగుతారు, అది అపోహ. అతిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదో జబ్బు.

మీ ఆవిడ వద్దంటోందన్నావు. ఆమె తప్పేముంది? నువ్వు వెళ్ళిన తీరు చూస్తే నేనైనా అదే అంటాను. ఆమెని ఒప్పించడానికి కొత్త బూట్లు చూపించకు, ఈ ఉత్తరం చదివి వినిపించు. రోజుల లెక్క ఆమె చేతికివ్వు. నీతో వచ్చేవాళ్ళలో ఒకడికి, నువ్వు కాదన్నా నిన్ను వెనక్కి తిప్పే అధికారం ఆమె ముందే అప్పగించు. ఆ గీత మీద నడిచే పరీక్ష కూడా వాడికి నేర్పు. రైలెక్కడానికి ముందే ఇంటి వరండాలో ఒకసారి నడిచి, వాణ్ణి ఫోనులో వీడియో తీసి ఉంచుకోమను. మామూలప్పుడే వంకరగా నడిచేవాళ్ళుంటారు. నా వీడియో చూస్తే ఏ గైడూ నన్ను కొండ దరిదాపులకి రానివ్వడు.